అంగికి ఇంటు మార్కు

పదకొండు నిమిషాల్లో ఒక కొత్త జబ్బును కనిపెట్టిన ఘనుణ్ని నేను. ఆ జబ్బు మా సిద్దిపేట జిల్లాలో ఎంతమందికి ఉందో లెక్కేస్తే ఇక్కడి దవాఖానలు చాలవు, పక్క జిల్లావి కిరాయికి తెచ్చుకోవాలి. ఆ ఘనకార్యంతో నాకు రాబోయే కొలువును నేనే ముంచుకోబోయాను. నిదానంగా చెబుతాను. మీరు నవ్వడానికి తొందరేమీ లేదు.

అప్పుడు నాకు ముప్పై ఏడేళ్లు. తోటివాళ్లు తమ పిల్లల్ని కాలేజీల్లో చేర్పిస్తుంటే, నేను స్వయంగా వెళ్లి డిప్లొమాలో చేరాను. మాట సరిగ్గా రాని, చెవి సరిగ్గా వినబడని పిల్లలకు సర్కారు బడుల్లో నేర్పే స్పెషలిస్టు కావాలని నా కోరిక. ఆఖరి ప్రాక్టికల్ పాసైతేనే రిజిస్ట్రేషన్ నంబరు, ఆ నంబరు ఉంటేనే కొలువుకు దరఖాస్తు. ఈసారి తప్పితే, మళ్లీ పరీక్ష పెట్టేసరికి నా వయసు దాటిపోతుంది.

అయినా నాకు భయం లేదు. లెక్కలు నాకు ఏ సారూ నేర్పలేదు. బస్సు కిటికీ పక్కన కూర్చొని, ఎదురొచ్చే బండ్ల నంబర్లు కూడుకుంటూ, భాగించుకుంటూ నేర్చుకున్నాను. మాటైనా, చెవైనా చివరికి శాతంలోకి రావలసిందే కదా అని నా ధీమా.

ప్రాక్టికల్ రోజున నాకు ఆరేళ్ల అక్షితను అప్పగించారు. పలుకులో ఏదో తేడా ఉందని బడి పంతులమ్మ పంపితే, వాళ్లమ్మ లక్ష్మి పత్తి ఏరే పని ఆపుకొని కోహెడ నుంచి పొద్దుటి బస్సుకు తీసుకొచ్చింది. నేను ఇరవై నాలుగు బొమ్మలు చూపించాలి. పాప ఏ అక్షరాన్ని ఎట్లా పలుకుతుందో విని రాయాలి. బొమ్మ కింద పేరు అచ్చువేసి ఉంటుంది. అచ్చు కనబడితే నాలాంటివాడు ఊరుకుంటాడా? పాప చెప్పింది అచ్చుతో కలిస్తే టిక్కు, కలవకుంటే ఇంటు అని నా సొంత చట్టం ఒకటి చేసుకున్నాను.

చొక్కా బొమ్మ చూపించాను. "ఇదేంటి పాపా?"

"అంగి."

ఇంటు.

వేరుశనగకాయ చూపించాను.

"పల్లికాయ."

ఇంటు. పండు చూపించాను.

"అలటిపండు."

హమ్మయ్య, ఇది కలిసింది. టిక్కు!

తాళంచెవిని 'చాబి' అన్నది. ఇంటు పెడుతుంటే లక్ష్మి ఉండబట్టలేక లేచింది.

"సారూ, చాబిని చాబి అనక ఏమంటరు? అసలు మా పిల్ల..."

"చెల్లె, మధ్యల అందియ్యకు. ఇది పరీక్ష."

ఆమె కూర్చుంది. ఇరవై నాలుగు బొమ్మలూ అయ్యాయి. పదకొండు ఇంట్లు. లెక్కకు కాగితం మీద పెన్ను పెట్టకముందే జవాబు వచ్చేసింది. మాకు పరీక్ష పెట్టడానికి వచ్చిన మేడం ముందు నిలబడి గొంతు సవరించుకున్నాను.

"తప్పులు నలభై ఐదు పాయింట్ ఎనిమిది మూడు శాతం మేడం. తీవ్రమైన మాట లోపం."

లక్ష్మి మొహం పాలిపోయింది. "సగం మాట పోయిందా సారూ? ఇంట్ల వసపిట్ట లెక్క మాట్లాడుతది గద! బడిలకెళ్లి తీసేస్తరా ఏంది?" అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నా లెక్కకు అప్పటిదాకా చప్పట్లే తప్ప కన్నీళ్లు రాలేదు.

మేడం నా కాగితం చూసింది, నన్ను చూసింది. ఇంకో కట్టలోంచి ఒక బొమ్మ తీసి, కింది పేరును బొటనవేలితో మూసి నా ముందు పెట్టింది.

"ఇదేందో చెప్పుండ్రి."

కంగారులో నోటికి వచ్చింది అన్నాను. "మొగులు."

వేలు తీసింది. 'మేఘం' అని ఉంది.

"ఒకటికి ఒకటి తప్పు. నూటికి నూరు శాతం. ఎప్పటిసంది ఉన్నది మీకీ జబ్బు?"

"పుట్టినప్పటిసంది మేడం."

"ఇంట్ల ఇంకెవరికన్న ఉన్నదా?"

"మా అమ్మకు... మా తాతకు... ఊరందరికీ ఉన్నది మేడం."

లక్ష్మి కళ్లు తుడుచుకున్న కొంగునే నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నేనూ నవ్వబోయాను గానీ రాలేదు. చిన్నప్పుడు మా అమ్మ నాకు తొడిగింది అంగే. రెండేళ్ల చదువులో 'చొక్కా' అనడం నేర్చుకున్నాను, మంచిదే. కానీ అంగిని రోగమని ఎప్పుడు అనుకోవడం మొదలుపెట్టానో నాకే తెలియలేదు. ఆ పాపకు పెట్టిన పదకొండు ఇంట్లలో మా అమ్మ మాటకు పడనిది ఒక్కటీ లేదు.

"మాట వేరు, పలుకు వేరు. పేర్లు కనబడకుండ మూసి, చెవి తెరువుండ్రి," అంది మేడం.

బొమ్మల కింది పేర్లను మడతపెట్టి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి కలిపి చూసుకోవడానికి అచ్చు లేక, వినవలసి వచ్చింది.

"అలటిపండు." "పొలక." "లాములక్కాయ."

అరటిపండు. చీపురుకు పొరక. టమాటాకు రాములక్కాయ. పాప నోట మూడింట్లోనూ 'ర' రాలేదు. ఆ పాపకు ఉన్న ఇబ్బంది అదొక్కటే. అచ్చం దానికే, అరటిపండు దగ్గర, నేను ఆనందంగా టిక్కు కొట్టాను.

"'ర' పలుకుతలేదు మేడం," అన్నాను.

"గదే సారూ!" లక్ష్మి మళ్లీ లేచింది. "వాళ్ల బాపు రాజన్నను లాజన్న అంటది. బడిల పోరగాండ్లు ఎక్కిరిస్తే నోరే తెరుస్తలేదు. గందుకే తోల్కొచ్చిన."

"మరి ముందే చెప్పకపోతివి?"

"చెప్పనిచ్చిన్రా? మధ్యల అందియ్యకు అంటిరి."

మేడం నాకు సరిగ్గా పాస్ మార్కులు వేసింది. ఒక్కటి ఎక్కువ లేదు. "ఇవి మీరు మొదట రాసినదానికి కాదు, మళ్ల విన్నందుకు," అంది. నాలుక కొన ఎక్కడ ఆడాలో నేను వేలితో చూపిస్తే, అక్షిత నావైపు చూసి పకపకా నవ్వుతూ 'ల్ల్ల్' అంది. సాధనతో వస్తుందని లక్ష్మికి మేడమే చెప్పింది. నేను నోరు మూసుకున్నాను, ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదే.

రిజిస్ట్రేషన్ నంబరు వచ్చింది, కొలువూ వచ్చింది. ఇప్పుడు సర్కారు బడిలో పిల్లల పక్కన చిన్న బల్ల మీద కూర్చొని వింటుంటాను. నా పక్కన కూర్చున్న ఏ బిడ్డ మాటకూ, ఏ తల్లి ముందూ, బతికున్నంతకాలం శాతం కట్టనని నిండు మనసుతో ప్రమాణం చేశాను. ఆ ప్రమాణాన్ని ఇప్పటిదాకా తొంభై ఆరు పాయింట్ నాలుగు శాతం నిలబెట్టుకున్నాను.