రెండుసార్లు అందుకున్న కూలి

ఒక అబద్ధం ఇన్నేండ్లుగా నా లోపల మోస్తాండాను. పెద్ద అబద్ధమేం కాదు, చూసేదానికి రెండే ముక్కలు. "రాలేదు సార్." అంతే. నా చేత ఎవరూ బలవంతంగా అనిపించలా. నేనే అన్నాను. అన్నం ముందర కూర్చున్నా, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా, ఉన్నట్టుండి ఆ మాట నా గొంతుతోనే నాకు మళ్ళీ వినిపిస్తాది. మా ఆయనతో కూడా చెప్పలా. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీతో చెప్తాండాను.

మాది నగరి. పెండ్లయిన కొత్తలోనే దొరసామన్న షెడ్డులో పనికి చేరినాను. ఎనిమిది మరమగ్గాల షెడ్డు అది. మగ్గాలు నడిపేది మగవాళ్ళు. వాళ్ళకు నూలు కండెలు చుట్టి అందించేది నేను. దొరసామన్న ఓనరే అయినా, ఆయన్ని కొత్తగా చూసినోళ్ళెవరూ ఓనరనుకోరు. బనీను మీద దూది అంటుకోని, మాతోపాటే ఒక మగ్గం తోలతా ఉండేవాడు. పాటలంటే ప్రాణం. గొంతు మాత్రం దేవుడివ్వలా. మగ్గాల మోతలో ఎవరికీ వినపడదని ఆయన ధైర్యం. కరెంటు పోయినప్పుడు పాట నడిమధ్యలో దొరికిపోయేవాడు. మేమంతా నవ్వితే ఆయన మాకంటే గట్టిగా నవ్వేవాడు.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నేను నీళ్ళోసుకున్నప్పుడు సీమంతం చేసింది దొరసామన్న భార్య రుక్కు వదినే. చేతుల నిండా గాజులేసి, ఐదు రకాల కలిపిన అన్నాలు చేసి, షెడ్డులో వాళ్ళందర్నీ పిలిచి పెట్టింది. "పుట్టింటోళ్ళు లేరని ఎవరన్నా అంటే నా కాడికి పంపీ" అనింది. ఇట్లాంటి మనుషులకు నేను ఏం చేసినానో చెప్పబోతాండాను. చెప్పే ముందర వాళ్ళను మీరు కొంచెం ఇష్టపడాలని నాకు ఆశ. ఇది కూడా నా స్వార్థమేనా? ఏమో.

కరోనా పోయినాక మా ఊరికి ఇంకో రోగం తగిలింది. నూలు ధర పైకి పోయింది. గుడ్డ అడిగే నాథుడు లేడు. నేసిన పావడా గుడ్డ తానులు తానులుగా షెడ్డులోనే పేరుకున్నాది. మొదట వారంలో సగం దినాలే పని అన్నాడు దొరసామన్న. తర్వాత పని ఉండాది గానీ కూలి లేదు. "గుడ్డ అమ్ముడుపోతానే ఇచ్చేస్తానబ్బా" అనేవాడు. అట్లా రెండు నెలలు గడిచినాయి. మూడో నెలలో షెడ్డుకు తాళం పడింది. మా అందరికీ రెండు నెలల కూలి రావాల.

ఆ తాళం పడిన వారంలోనే మా ఆయన లోడు ఆటో పుత్తూరు దగ్గర బోల్తా పడింది. కాలు రెండు చోట్ల విరిగింది. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చినాము. ఆపరేషన్‌కు కట్టమన్నారు. చేతిలో ఏమీ లేదు. వరండాలో గోడకు ఆనుకోని, ఎవర్ని అడగాలా అని ఒక్కొక్క ముఖమే తలుచుకుంటా కూర్చోనుండాను.

అప్పుడొచ్చినాడు దొరసామన్న. నేను పిలవలా. ఎవరు చెప్పినారో తెలీదు. ఒక చేతిలో వదిన చేసిచ్చిన చిత్రాన్నం డబ్బా. ఇంకో చేతిలో గుడ్డసంచి. సంచిలోంచి డబ్బు తీసి నా ఒళ్ళో పెట్టినాడు.

"నీ రెండు నెలల కూలి పాపా. అప్పు కాదు, నీదే."

"అందరికీ ఇచ్చినావాన్నా?"

"ఇంకా లేదు. అందరికీ ఇచ్చేంత యాడుండాది? నీకే ముందు ఇయ్యాలనిపించింది. వాళ్ళతో మాత్రం అనొద్దు. వాళ్ళ ఇండ్లలోనూ పొయ్యిలు వెలగాల కదా, వింటే కష్టంగా ఉంటాది."

ఆ డబ్బు కోసం వదిన చేతి బంగారు గాజులు అమ్మినారని తర్వాత తెలిసింది. అన్న మాట ప్రకారం ఎవరికీ చెప్పలా. మా ఆయనతో కూడా ఎవరి దగ్గరో అప్పు తెచ్చినానని అన్నాను.

అక్కడిదాకా నాలో తప్పేం లేదు. ఉందా? నాకైతే కనపడలా.

నెల దాటినాక మునిరత్నం మా ఇంటికొచ్చినాడు. షెడ్డులో అందరికంటే పాత పనోడు ఆయన. కోపిష్టి, మంచోడు. "చిత్తూరు పోయి లేబర్ ఆఫీసులో అర్జీ ఇస్తాండాము. అందరం కలిసి పోతేనే బలం. నువ్వు కూడా రావాల" అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆయన ఇంట్లో రేషన్ బియ్యం మీద బతుకుతాండారు. చేసిన పనికి కూలి అడగడం న్యాయం. ఇప్పటికీ నేనదే అంటాను.

మరి నేనెందుకు పోయినాను? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో. రానంటే మునిరత్నం ఎందుకని అడుగుతాడు, అన్న రహస్యం బయటపడతాది, అందుకే పోయినానని చాలా దినాలు నాకు నేనే చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏందంటే, ఆటో వాయిదాలు కట్టక ఫైనాన్సోళ్ళు ఇంటి ముందరికొచ్చి పోతాండారు. మా ఆయన మంచం మీదుండాడు. ఇంకొక రెండు నెలల కూలి చేతికొస్తే బండి నిలబడతాదని నా మనసులో ఒక మూల లెక్క వేసుకున్నాది. ఆ మూలను నేను చూసినాను. చూసి కూడా మునిరత్నం వెనకాల బస్సెక్కినాను.

లేబర్ ఆఫీసర్ మర్యాదగానే ఉన్నాడు. దొరసామన్నను కూడా పిలిపించినారు. తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకోని వచ్చినాడు, పెండ్లికి వచ్చినట్టు. వ్యాపారం పడిపోయిందని, గుడ్డ అమ్ముడుపోలేదని నెమ్మదిగా చెప్పుకున్నాడు. ఆఫీసర్ విని, "పెద్దాయనా, నీ కష్టం నాకు అర్థమయింది. అయితే పని చేయించుకున్నాక వ్యాపారం బాగలేదంటే చట్టం ఒప్పుకోదు. లాభమొస్తే వాళ్ళకు పంచినావా? నష్టం కూడా నీదే" అన్నాడు. దొరసామన్న తల ఊపినాడు. "నిజమే సార్, ఇస్తాను, కొంచెం గడువియ్యండి" అన్నాడు.

తర్వాత ఆఫీసర్ ఒక్కొక్కర్నే అడిగినాడు. నా వంతు వచ్చింది.

"నీకేమన్నా కూలి ముట్టిందామ్మా?"

పక్కనే మునిరత్నం. ఎదురుగా దొరసామన్న. నేను నేల చూసినాను.

"రాలేదు సార్."

ఆఫీసర్ ఆయన వైపు తిరిగినాడు. "ఏం పెద్దాయనా, ఈమెకు కూడా ఇయ్యలేదా?"

నేను తలెత్తక తప్పలా. అన్న నన్నే చూస్తాండాడు. కోపం ఉంటే బాగుండేది. జ్వరంతో ఉన్న బిడ్డను చూసినట్టు చూసినాడు.

"లేదు సార్. ఇయ్యలా" అన్నాడు.

గడువు లోపలే అన్న అందరికీ కట్టేసినాడు. ఆరు మగ్గాలు పాత ఇనుము కింద పోయినాయి. నాకు కూడా ఇచ్చినాడు, అందరి ముందర, అదే ఆఫీసులో. "ఎంచుకో పాపా" అన్నాడు. ఎంచినాను. వేళ్ళు నావేనా అనిపించింది. ఆ డబ్బుతో ఆటో నిలబడింది. ఈ పొద్దు మేము తినే కూడు ఆ ఆటోదే.

డబ్బుతో అయిపోయుంటే ఇంత బరువుండేది కాదేమో. మునిరత్నం ఊరంతా చెప్పినాడు: "మొగుడు కాలిరిగి ఆస్పత్రిలో ఉంటే, ఆ ఆడమనిషిక్కూడా పైసా ఇయ్యని మనిషి దొరసామి." మునిరత్నానికి తెలిసినంతలో అది నిజమే కదా. విన్నోళ్ళందరూ మిగతావాళ్ళ కూలి సంగతి మరిచిపోయినారు. నా సంగతే పట్టుకున్నారు. టీకొట్టు కాడ అదే, కొళాయి కాడ అదే. నూలు అప్పిచ్చే షావుకారు కూడా, "అట్లాంటోడికి ఎట్లిచ్చేది?" అన్నాడంట. మిగిలిన రెండు మగ్గాలు నూలు లేక మూలబడినాయి. నా ముందరే ఆ మాటలు అనేవాళ్ళు, నా మీద జాలితో. నేను తల వంచుకోని కొళాయి కింద బిందె నిండేదాకా చూసేదాన్ని.

అన్న ఎందుకట్లా అన్నాడు? నేను అబద్ధాలకోరునని పదిమందిలో తేలకూడదనా? నాకే ముందిచ్చినట్టు తెలిస్తే మిగతావాళ్ళు బాధపడతారనా? లేకపోతే ఆ నిమిషంలో నాకెంత అవసరముందో ఆయనకు కనిపించిందా? రుక్కు వదినకు అంతా తెలుసు. గాజులు ఆమెవే కదా. తర్వాత నా కొడుకు పుట్టినరోజుకు పాయసం పంపించింది. అది తినలేక తినలేక తిన్నాను.

పోయిన నెల బస్టాండులో అన్న కనపడినాడు. ఇప్పుడు వేరేవాళ్ళ షెడ్డులో కూలికి మగ్గం తోలతాండాడు. జుట్టంతా నెరిసింది. నన్ను చూస్తానే మొహం విప్పారింది.

"ఏం పాపా, మీ ఆయన కాలు ఎట్లుండాది? చలికాలం నొప్పి చేస్తాదా?"

"బాగుండాదన్నా. అన్నా... ఆ పొద్దు చిత్తూరులో..."

"అదిగో బస్సు, పో పో, సీటు దొరకదు" అన్నాడు. నా భుజం మీద చెయ్యేసి బస్సు వైపు నెట్టినాడు. నా మాట వినపడలేదా, వినదలుచుకోలేదా? కిటికీలోంచి చూస్తే చెయ్యూపుతా నిలబడుండాడు.

మునిరత్నంతో ఇంకా చెప్పలా. ఏదో ఒక పొద్దు చెప్పాల. చెప్పగలనో లేదో మీకు మాటియ్యలేను. క్షమించమని కూడా మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. రాయాల్సింది మాత్రం రాస్తాండాను. దొరసామన్న నా కూలి ఎగ్గొట్టలా. అందరికంటే ముందర నాకే ఇచ్చినాడు. లేదన్నది నేను. నా అబద్ధాన్ని తన నెత్తిన వేసుకున్నది ఆయన.

ఈ సంగతి తెలిసినోళ్ళం నిన్నటిదాకా ముగ్గురమే. ఇప్పుడు మీరు కూడా.