నాకు రాని దడుపు జ్వరం

గుమ్మడికాయ లోపలి పీచు చేత్తో లాగుతుంటే వచ్చే పచ్చి వాసన, లోపల పెట్టిన దీపం సెగకు మూత కాస్త మాడితే వచ్చే ఇంకో వాసన, ఈ రెండూ అక్టోబరు నెలంతా మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్ మెట్ల నిండా ఉంటాయి. మనవైపు గుమ్మానికి గుమ్మడికాయ కట్టేది దయ్యమూ దిష్టీ లోపలికి రాకుండా. ఇక్కడ హాలోవీన్‌కి ఆ కాయకే కళ్ళూ పళ్ళూ చెక్కి, దీపం పెట్టి మరీ దయ్యాల్ని రమ్మంటారు. మొన్న శనివారం మధ్యాహ్నం నా కూతురు మేఘన బాల్కనీలో కాయ చెక్కుతోంది. కాలిఫోర్నియాలోని డబ్లిన్ నుంచి వారం రోజులుండి పోదామని వచ్చిన మా అక్క, వేయించడానికి గింజలు ఏరి పళ్ళెంలో ఆరబోస్తూ, "చిన్నీ, మన తిరగలి దయ్యం సినిమా ఎవరో నెట్‌లో పెట్టారే, చూశావా?" అంది. ఆ మాట వినగానే నాకు కలిగింది సరదా కాదు, పాత కడుపుమంట.

ఎండాకాలం సెలవులివ్వగానే మమ్మల్నిద్దరినీ చీరాలలో అమ్మమ్మ దగ్గర దింపేవారు. పొద్దున లేచేసరికి వీధి పొడవునా మగ్గాల చప్పుడు, పెరట్లో చాప మీద ఎండుతున్న మామిడి ఒరుగుల పుల్లటి వాసన, పది దాటితే కాలు మోపలేనంత కాలిపోయే గచ్చు, వసారాలో సుద్దతో గళ్ళు గీసుకుని గవ్వల బదులు అరగదీసిన చింతగింజలతో ఆడే అష్టాచెమ్మా, మధ్యాహ్నం సైకిలు మీద వచ్చే ముంజలు, వాటి నీళ్ళు గౌను మీద చిందకుండా తినడంలో ఎప్పుడూ నెగ్గే మా అక్క. అది నాకంటే మూడేళ్ళు పెద్దది. పొడుగు జడ దానిది, కొత్త గౌను దానిది. అవే గౌన్లు నా దాకా వచ్చేసరికి వెలిసిపోయి వచ్చేవి. అయినా నేను పెద్దగా ఏడ్చేదాన్ని కాదు. ఎందుకంటే పడుకునేటప్పుడు అమ్మమ్మ మా ఇద్దరి మధ్యా వెల్లకిలా పడుకుని చెరో చెయ్యీ ఇచ్చేది. అక్కడ మాత్రం మా ఇద్దరికీ సమానంగా అందేది.

ఒక వేసవిలో ఆ సినిమా ఊళ్ళోకి వచ్చింది. బావిలో పడి చచ్చిపోయిన కోడలు దయ్యమై వచ్చి, ఎవరూ లేని వంటింట్లో తిరగలి తిప్పుతుంది. మనిషి కనబడదు, రాయి మాత్రం గిర్రున తిరుగుతుంది, చుట్టూ పిండి రాలుతుంది. అమ్మమ్మకు దయ్యం సినిమాలంటే ప్రాణం. మ్యాట్నీకి మమ్మల్ని వెంటేసుకుని వెళ్ళి, ఆడవాళ్ళ బెంచీల్లో గోడవారగా చోటు చూసుకుని, ఆ పక్క అక్కనీ ఈ పక్క నన్నూ పెట్టుకుని, ఒళ్ళో వేరుసెనక్కాయల పొట్లం, కాళ్ళ దగ్గర పులిహోర డబ్బాతో స్థిరంగా కూర్చుంది. నేను పులిహోర తిన్నాను, గోలీసోడా తాగాను, పైన తిరిగే ఫ్యాను గాలికి హాయిగా అమ్మమ్మ ఒళ్ళోకి ఒరిగి, తిరగలి తిరగకముందే నిద్రపోయాను. హాలు హాలంతా కెవ్వుమన్నా నాకు మెలకువ రాలేదట. లేచేసరికి లైట్లు వెలిగాయి, అందరూ చెప్పులు వెతుక్కుంటున్నారు, అక్క మొహం పాలిపోయి ఉంది.

ఇంటికి రాగానే దానికి జ్వరం. "దడుపు జ్వరమే ఇది," అని అమ్మమ్మ డాక్టరు మాట ఎత్తనివ్వలేదు. ఇక చూడాలి దాని వైభోగం! గుప్పెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ తల చుట్టూ తిప్పి పొయ్యిలో వేస్తే ఒక్కరికీ దగ్గు రాలేదు. అబ్బో ఎంత దిష్టి తగిలిందో అని చుట్టుపక్కల అమ్మలక్కలు బుగ్గలు నొక్కుకున్నారు. అట్లకాడ ఎర్రగా కాల్చి, గిన్నెడు నీళ్ళలో చుర్రుమనిపించి, ఆ నీళ్ళు తాగించారు. సాయంత్రం మసీదు మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి, సాయిబుగారి చేత మొహాన ఊదించి, నల్లతాడుతో తాయెత్తు కట్టించారు. మిరియాల పాలు దానికి, మెత్తటి తలగడ దానికి. మా వంటింటి తిరగలిని చూస్తే జడుసుకుంటోందని, అంత బరువు రాయినీ గోనెసంచిలో చుట్టి పక్కింటికి పంపేశారు. నాకు ఒక్క దారప్పోగు కూడా కట్టలేదు.

ఇది పని కాదనుకుని నేను ఎండలో కాసేపు గచ్చు మీద పడుకుని, నుదురు వేడెక్కాక అమ్మమ్మ దగ్గరికి వెళ్ళి గజగజా వణికాను. "నాకూ దడుపొచ్చింది అమ్మమ్మా." అమ్మమ్మ నుదురు పట్టి చూసి పకపకా నవ్వింది. "సినిమా అంతా గురకపెట్టి నిద్రపోతివి గదే, నీకు దడుపేందే! పో, పోయి ఆడుకో." అరుగు మీద చింతపండు వలుస్తున్న వాళ్ళంతా నాతో చెప్పించుకుని చెప్పించుకుని నవ్వారు.

ఆ నవ్వులు మర్చిపోగలిగాను. మర్చిపోలేనిది పడక సంగతి. అక్క భయపడుతోందని అమ్మమ్మ దానివైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. నాకు వీపు మిగిలింది. చెమటా, పౌడరూ, వక్కపొడీ కలిసిన వాసన వేసే రవిక వెనకభాగం. అవతల అమ్మమ్మ అక్క చెవిలో గుసగుసగా ఏదో చెప్పేది, చాలాసేపు చెప్పేది. దయ్యం రాకుండా చదివే మంత్రమో, ఏదైనా కథో, మా ఇద్దరిలో తనకు అదంటేనే ఎక్కువ ఇష్టమన్న మాటో, నాకు ఒక్క ముక్క వినబడేది కాదు. తల ఎత్తి వినబోతే, "పడుకోవే," అంటూ వెనక్కి చెయ్యి చాపి ఒక తట్టు తట్టేది. అక్క జ్వరం తగ్గింది, తాయెత్తు ఎక్కడో తెగిపడింది, సెలవులు అయిపోయాయి, మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళాం. అమ్మమ్మ మాత్రం అటే తిరిగి పడుకుంది. అలవాటైపోయింది. పోయేదాకా అంతే.

అందుకే మొన్న, ఇన్నేళ్ళకైనా నా వాటా భయం నేను పడదామని, రెండు కప్పుల కాఫీ తాగి ఆ సినిమా ముందు కూర్చున్నాను. బ్లైండ్స్ దించాం. మేఘన మా ఇద్దరి కాళ్ళ దగ్గర పాప్‌కార్న్ పెట్టుకుని కూర్చుంది. బావి వచ్చింది, గాలి వచ్చింది, వంటిల్లు వచ్చింది, తిరగలి తిరిగింది. నేను కళ్ళార్పకుండా చూశాను. ఏమీ కాలేదు. "అమ్మా, ఆ స్టోన్‌కి స్ట్రింగ్ కనిపిస్తుంది! సో ఫన్నీ!" అని మేఘన పడీపడీ నవ్వింది, నాకూ నవ్వొచ్చింది. పక్కకు చూస్తే అక్క కాళ్ళు రెండూ సోఫా మీదికి ముడుచుకుని, కుషన్ గుండెలకు హత్తుకుని ఉంది. ఆఫీసులో అంత పెద్ద టీమ్‌ని ఆడించే మనిషి, నా మోచెయ్యి పట్టుకుంది. "నవ్వబాకండే, నా వల్ల కాదు," అంటూ నా భుజంలో మొహం దాచుకుంది. జాలి వేయాలి. వేయలేదు. ఇప్పటికీ దీనికే భయం వేస్తోంది, ఇప్పటికీ నాకు రాలేదు అని ఒళ్ళు మండిపోయింది.

సినిమా అయ్యాక మేఘన స్నేహితురాళ్ళ దగ్గరికి పరిగెత్తింది. బ్లైండ్స్ ఎత్తుతూ, ఇన్నేళ్ళూ పౌరుషం కొద్దీ అడగని ప్రశ్న అడిగేశాను.

"అక్కా, అప్పుడు అమ్మమ్మ నీ చెవిలో ఏం చెప్పేదే?"

"ఎప్పుడు?"

"నీకు దడుపు జ్వరం వచ్చినప్పుడు. నీవైపు తిరిగి పడుకునేదిగా."

అక్క దాచడం లేదు, నిజంగానే ఆలోచించింది. కుషన్ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు చిట్లించింది.

"ఏమన్నా చెప్పేదా? ఏమోనే, నాకసలు గుర్తులేదు. ఆ తిరగలి ఒక్కటే గుర్తుంది." లేచి, "టీ పెడతా, తాగుతావా?" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చీరాలలో ఆ హాలు పడగొట్టి కల్యాణ మండపం కట్టారు. మా వీధిలో ఇప్పుడు మగ్గం చప్పుడు వినబడదట. అమ్మమ్మ ఇల్లు ఎవరో కొనుక్కుని మేడ వేశారు. అవన్నీ పోయాయని నాకు ముందే తెలుసు, మనసు సర్దుకున్నాను. ఆ గుసగుసలు మాత్రం పోలేదనుకున్నాను. అవి అక్క దగ్గరున్నాయని ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నాను, కుళ్ళుకుంటూనే ఎక్కడో ఒకచోట భద్రంగా ఉన్నాయిలే అని ధీమాగా కూడా ఉన్నాను. వంటింట్లో అక్క యాలకులు ఎక్కడున్నాయని అడుగుతోంది. ఆ మాటలేవో అమ్మమ్మ ఇటు తిరిగి నా చెవిలో చెప్పి ఉంటే, ఒక్కటి కూడా పోనిచ్చేదాన్ని కాదు.