ముగ్గురా, ఇద్దరా

మా మదనపల్లెలో ఇప్పటికీ ఎవరైనా పని మధ్యలో దిక్కుతోచక నిలబడిపోతే, "ఏందప్పా, చెయ్యెత్తప్ప మాదిరి నిలబడినావు?" అంటారు. అలా అనేవాళ్ళలో సగం మందికి ఆ పేరు ఎవరిదో తెలియదు. తెలిసినవాళ్ళకు ఆ చెయ్యి ఎందుకు లేచిందో తెలియదు. అది పూర్తిగా ఎరిగినవాళ్ళం ముగ్గురమే. ఒకరు పోయారు. ఇంకొకరు అతని భార్య, ఆమెకు రాయడం రాదు. మిగిలింది నేను. నేనూ పోతే ఆ మాట ఒక్కటే మిగులుతుంది. అందుకని రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. నేను బెల్లం మండీలో పనిచేసేవాణ్ణి. అయిదో తరగతితో బడి మానేసినా, సాయంత్రాలు లైబ్రరీలో కూర్చుని నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఊళ్ళో ఏ సందేహం వచ్చినా నన్నడిగేవారు. అది నాకు చాలా ఇష్టంగా ఉండేది.

నా స్నేహితుడిది దూదేకులవాళ్ళ ఇల్లు. తెల్లవారింది మొదలు విల్లు పట్టి దూది ఏకేవాడు. కనురెప్పల మీద కూడా నూగు ఉండేది. వాళ్ళ నాయన దగ్గి దగ్గి చనిపోయాడు. ఇతనికీ దగ్గు మొదలైంది. డాక్టరు రొమ్ముకు చెవి పెట్టి విని, "ఈ దూదిలోంచి బయటపడు. లేకుంటే మీ నాయన దారే నీది," అని చెప్పాడు. వేరే పని అతనికి రాదు. వచ్చిందల్లా ఫుట్‌బాల్.

అతను బ్యాక్ ఆడేవాడు. గోలుకు ముందు కాపు కాసే ఇద్దరిలో ఒకడన్నమాట. బంతిని చూసేవాడు కాదు, ఎదుటివాడి నడుము చూసేవాడు. నడుము ఎటు తిరిగితే కాలు అటే పోతుందట. వట్టి కాళ్ళతో ఆడి, బూట్లు వేసుకున్నవాళ్ళ దగ్గర బంతి లాక్కునేవాడు.

లైబ్రరీలో నాకు ఆట నిబంధనల పుస్తకం ఒకటి దొరికింది. అట్టలు లేవు, మొదటి నాలుగైదు పుటలూ లేవు. అందులో ఆఫ్‌సైడ్ గురించి చదివాను. తన జట్టువాడు బంతి తన్నే క్షణంలో, ముందుకు దూసుకుపోయిన ఆటగాడికీ గోలుకూ మధ్య ఎదుటి జట్టువాళ్ళు ముగ్గురుండాలి. తగ్గితే తప్పు, రిఫరీ ఈల వేసి ఆట ఆపాలి. ఇది చదివి నాకు ఒక ఆలోచన వచ్చింది. ఇద్దరు బ్యాకులు, ఒక గోల్‌కీపరు, ఆ ముగ్గురే కదా. సరిగ్గా బంతి తన్నే ముందు ఒక బ్యాక్ చరచరా ముందుకు నడిచేస్తే, వెనక మిగిలేది ఇద్దరు. చెయ్యెత్తి రిఫరీకి చూపిస్తే చాలు.

"పరిగెత్తే పనే లేదా?" అన్నాడు స్నేహితుడు.

"లేదు. నాలుగడుగులు నడువు, చెయ్యెత్తు."

"అట్లయితే దగ్గొచ్చినా ఆడొచ్చు. బాగుండాది పుస్తకాలప్పా!" అని నవ్వాడు. నన్నతను అలాగే పిలిచేవాడు.

మా ఊళ్ళో రిఫరీగా ఉండే పోస్టాఫీసు గుమాస్తాకు కూడా ఆ పుట నేనే చదివి వినిపించాను. నెల తిరక్కముందే మా జట్టు మీద గోలు వేయగలిగేవాడు లేకపోయాడు.

పుంగనూరులో ఆడినప్పుడూ మా గుమాస్తానే రిఫరీ. ఆ జట్టులో ఒక దర్జీ ఉండేవాడు, కొన్నాళ్ళు బెంగుళూరులో కుట్టుపని చేసి వచ్చినవాడు. మూడుసార్లు ఈల పడేసరికి అతను బంతి చంకన పెట్టుకుని నేరుగా గీత బయట పుస్తకంతో నిలబడ్డ నా దగ్గరికి వచ్చాడు.

"ఇద్దరుంటే సాలప్పా! కీపరు ఒగడు, బ్యాకు ఒగడు. ముగ్గురు యాల? బెంగుళూర్లో అందరూ అట్లే ఆడతాండారు."

"నువ్వు చదివినావా?" అన్నాను.

"చదవలేదు. సూసినా."

"నేను చదివినా," అని పుస్తకం చేతిలో ఎత్తి చూపించాను. "సూది పట్టుకునేటోడు సూది పట్టుకోవాల, రూలు పట్టుకోగూడదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అతను బంతి కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు నాకు చాలాకాలం తియ్యగానే ఉండింది.

ఆ తర్వాత కబురు వచ్చింది. మైసూరు సీమ సరిహద్దులో ఉన్న బంగారు గనుల జట్టుకు ఒక బ్యాక్ కావాలి. అది జీతమిచ్చి ఆడించుకునే జట్టు. ఆటగాడికి గని పైన గోదాములో పని ఇస్తారు, ఉండడానికి గది ఇస్తారు. దూది ఉండదు. ఆ జట్టు కుప్పం వచ్చి అక్కడివాళ్ళతో ఆడుతుంది, మీవాణ్ణి కుప్పం తరఫున ఆడించండి, చూస్తాం అన్నారు. పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో నడిపే బస్సులో బయల్దేరాం. ఎక్కేముందు అతని భార్య నాతో, "ఆడ పనైతే ఇల్లు కాళీ చేస్తామప్పా. ఆ విల్లు ఎవురికన్నా ఇచ్చేస్తా," అంది.

కుప్పంలో ఆ జట్టు మేనేజరు మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడాడు. అరవం కలిసిన తెలుగు అతనిది.

"తంబీ, కొత్త బ్యాక్ అంటే నాకు బయం. కొత్త ఫార్వర్డ్ పది తూర్లు తప్పు సేసి ఒగ గోల్ కొట్టినాడంటే పేరొస్తాది. కొత్త బ్యాక్ పది తూర్లు ఆపి ఒగ తూరి తప్పితే, ఆ ఒగటే అందరికీ గ్యాపకం. వాడు నేర్చుకునే లోపల మేము ఓడిపోతాము. అయినా సూస్తాం."

"మావాడు తప్పడు సార్," అన్నాను. పుస్తకం నా సంచిలో ఉంది.

ఆట మొదలైన కాసేపటికే గనుల ఫార్వర్డ్ ముందుకు దూసుకొచ్చాడు. నా స్నేహితుడు నాలుగడుగులు ముందుకు నడిచాడు. చెయ్యెత్తాడు. ఈల పడలేదు. బంతి అతని పక్కనుంచే పోయింది. గోలు. అతను చెయ్యి దించకుండా నా వైపు చూశాడు. రిఫరీకి కనపడలేదేమో అనుకుని, మళ్ళీ ఎత్తమని సైగ చేశాను. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ గోలు. జనం ఈలలు వేశారు. "చెయ్యెత్తప్పా, దించప్పా, నొప్పిపుడతాది!" అని ఎవడో అరిచాడు. మా ఊరినుంచి చూడడానికి వచ్చినవాళ్ళే ఆ పేరును ఊరికి మోసుకొచ్చారు.

విరామంలో రిఫరీని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు. "ముగ్గురు అనే రూలు మారి శానా ఏండ్లయింది. ఇప్పుడు ఇద్దరే. యాడ చదివినావు?"

లేని ఆ మొదటి పుటల్లో అచ్చయిన సంవత్సరం ఉండి ఉంటుంది.

స్నేహితుడి దగ్గరికి వెళ్ళి చెప్పాను. అతను కాసేపు దగ్గాడు. "అట్లయితే పరిగెత్తాల్సిందే," అని లేచాడు. ఆ రెండో సగంలో అతను ఆడిన ఆట నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. బూట్లు తగిలి పాదం చీరుకుపోయింది. ఒక్క బంతి దాటిపోలేదు. కొత్తవాడు, అందులోనూ బ్యాక్, ఆటను మార్చగలడా అని ఎవరైనా అడిగితే నా జవాబు ఆ రెండో సగమే.

ఆట అయ్యాక మేనేజరు వచ్చాడు. "రెండో సగం ఆడినోడు మాకు కావాల. మొదటి సగం ఆడినోడూ ఈడే గదా! ఆ చెయ్యెత్తేది ఎవురు నేర్పించినారు?"

నేను పక్కనే ఉన్నాను. సంచి భుజానికే ఉంది. ఒక్క మాట చెప్పి పుస్తకం చూపిస్తే ఆ మనిషి ఏమనేవాడో తెలియదు. నా నోరు పెగల్లేదు.

"ఎవురూ లే సార్. నాకై నేనే," అన్నాడు నా స్నేహితుడు.

మేనేజరు తల ఊపి, నేర్చుకుని మళ్ళీ రమ్మని చెప్పి రైలెక్కాడు.

బస్సులో తిరిగి వస్తున్నప్పుడు, "యాల చెప్పలేదు?" అని నేనే అడిగాను, అడిగే హక్కు లేకపోయినా.

"ఊళ్ళో నీకుండేది ఆ ఒగ పేరే గదప్పా," అన్నాడు.

మళ్ళీ వెళ్ళడానికి కుదరలేదు. ఆ చలికాలం దగ్గులో రక్తం పడింది. విల్లు మాత్రం చివరిదాకా మానలేదు. యుద్ధం ముగిసిందని బజారులో మిఠాయి పంచిన రోజుల్లోనే అతను పోయాడు.

ఇది రాయడానికి సాయపడ్డవాళ్ళకు పేరుపేరునా దండం పెట్టాలి, కానీ ఎవరి పేరూ రాయనని మాటిచ్చాను. చిరిగిన ఆ పుస్తకాన్ని ఇంకా దాచి, మళ్ళీ చూడనిచ్చిన లైబ్రరీ ఆయనకు. ఆ ఆటను క్షణక్షణం గుర్తుచేసి చెప్పిన కుప్పం గోల్‌కీపరుకు. నన్ను ఇంట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చి, పాత మాట ఎత్తకుండా పంపిన పుంగనూరు దర్జీకి. చివరగా అతని భార్యకు. రాయనా వద్దా అని అడగడానికి వెళ్ళి, ఆ రోజు నేను నోరు మూసుకున్న సంగతి చెప్పబోయాను. "తెలుసప్పా, ఆయప్ప అప్పుడే చెప్పినాడు," అంది.

"రాయి. ఆ చెయ్యెత్తప్ప అనే పేరు ఎవురిదో, అది మటుకు సరిగ్గా రాయి," అంది.

ఆ పేరు నాది.