ఉభయ దేశాల ఆడపడుచు లక్ష్మణమ్మ

గనగళ్ల లక్ష్మణమ్మ, వయస్సు యాభై మూడు సంవత్సరాలు, వృత్తి ఎండుచేపల వ్యాపారం. ఈ వివరాలు రాస్తున్నవారికి ఆమె ఇరవై ఆరు సంవత్సరాలుగా తెలిసిన మనిషి. ఆ ఇరవై ఆరేళ్లలో ఆమె పేట పెద్దల ఎదుట నోరు విప్పినది ఒక్కసారే. అది కూడా విదేశీ వ్యవహారాల మీద.

ఆమెకు తమ్ముడు ఒక్కడే, పేరు కొండబాబు. తల్లి పోయిన నాటి నుండి అతనిని చంకన వేసుకుని పెంచినది ఆమె. పడవ మీద వేట ప్రమాదమని ఆమే పట్టుబట్టి, అతనిని సరకుల ఓడలో వంటపనికి పంపినది. ఆ ఓడ గోధుమల కోసం ఒక దేశపు రేవు చేరిన మూడవ రోజున, ఆ దేశానికీ పొరుగు దేశానికీ యుద్ధం మొదలైనది. రేవు ముఖం దగ్గర నీటిలో బాంబులు అమర్చినారు. ఏడు నెలలుగా ఓడ అక్కడే ఉన్నది, కొండబాబు ఓడలోనే ఉన్నాడు. పనికి పంపినది తానే అన్న సంగతిని లక్ష్మణమ్మ ఎవరితోనూ అనలేదు. అన్నం మాత్రం ఒక పూటే తింటున్నది.

ఆదివారం ఆదివారం తమ్ముడి ఫోను వచ్చేది. అక్కను అతను అప్పా అని పిలుస్తాడు.

“ఏటిరా ఆ సప్పుడు?”

“ఏటీ లేదే అప్పా. దీపావళి.”

“వారం వారం దీపావళేటిరా?”

“ఈళ్లకి పండగలెక్కువ.”

ఇట్లుండగా, జిల్లాలోని దేవాలయ సంఘాలు, చర్చిలు, మసీదులు కలిసి కేంద్ర ప్రభుత్వానికి ఒక ఉమ్మడి లేఖ సిద్ధం చేసినాయి. యుద్ధం చర్చల ద్వారానే ముగియాలని, ఉభయ పక్షాలను కూర్చోబెట్టుటకు మన ప్రభుత్వం పూనుకోవాలని అందులోని సారాంశం. అక్కడ చిక్కుకున్న జిల్లావాసుల జాబితా దానికి జతపరుస్తారు. అయితే ఒక ఊరిలోని ప్రార్థనా సమాజాలన్నీ సంతకం చేస్తేనే ఆ ఊరివారి పేర్లు జాబితాలో చేరుస్తారు. ఎందుకన్నది లేఖలో లేదు.

పేటలో అటువంటి సమాజాలు రెండు. ప్రార్థన మందిరం తరఫున దానమ్మ మొదటి రోజే సంతకం చేసినది. మిగిలినది రామభజన సమాజం. దాని అధ్యక్షుడు ఉమాశంకర్, లక్ష్మణమ్మకు వరుసకు బావ. అతను టీవీలో యుద్ధం పటాలతో సహా చూసి పెద్ద దేశం పక్షం వహించినాడు. మృదంగం వాయించే గోపి చిన్న దేశం పక్షం. ఆ నెలంతా భజనలో పాట ఒక చోట, మృదంగం ఒక చోట ముగిసేవి. హారతి మాత్రం ఉమ్మడిగానే ఇచ్చేవారు.

లక్ష్మణమ్మ కాగితం పట్టుకుని వెళ్తే ఉమాశంకర్ దానిని చదివి తిరిగి ఇచ్చివేసినాడు.

“సర్సలేటే? ఇంకో నెల్లాళ్లు ఓపిక పట్టు. మనోళ్లు గెలిసెస్తారు.”

“మన కొండబాబున్నది ఆ రెండో దేశంలో కదా బావా.”

“అయితే ఆణ్ని కూసింత ఒంగుని ఉండమను.”

లేఖ పోవుటకు వారం రోజులు గడువు. సంతరోజున కోటబొమ్మాళి వెళ్తూ, లక్ష్మణమ్మ దారిలోని శివాలయం వద్ద ఆగి, చేపల గంప ప్రహరీ బయట దించి, కుళాయి దగ్గర కాళ్లు చేతులు రెండుసార్లు కడుగుకున్నది. అర్చకులు అనంతపద్మనాభం గారు పళ్లెం అందుకున్నారు.

“ఎవరి పేరు మీదమ్మా?”

“ఆ రాజుదీ, ఈ రాజుదీ సెప్పండి బాబూ. తగువు తీరాల. పేర్లు దానమ్మ సేత రాయించి తెచ్చినాను.”

అనంతపద్మనాభం గారు నలభై ఏళ్లుగా పెళ్లికొడుకుల పేరిట, పాడిగేదెల పేరిట, ఒకసారి ట్రాక్టరు పేరిట కూడా అర్చన చేసినవారు. ఆ పేర్లను లోలోపల ఒకసారి పలికి చూసుకున్నారు.

“గోత్రం?”

“నాకేటి తెలుస్తాది? నాదే నాకు తెల్దు.”

“గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పవచ్చునమ్మా.”

“నాకూ అదే కదేటి సెప్తారు మీరు?”

“అవును.”

“అయితే ఆళ్లిద్దరూ, నేనూ ఒకటే గోత్రమా?”

“శాస్త్ర ప్రకారం అంతే.”

“అయితే నేనాళ్లకి ఆడపడుసుని.”

దీనిని కాదనుటకు ఆయనకు ప్రమాణమేదీ దొరకలేదు. ఏ దేశపు కొబ్బరికాయ ముందు కొట్టాలన్న ప్రశ్న రాగా, అక్షరక్రమంలో కొట్టినారు. పేరు, గోత్రం రాసి రెండు అర్చన చీటీలు ఇచ్చినారు. లక్ష్మణమ్మ తన పేరిట మూడవ చీటీ కూడా అడిగి తీసుకున్నది.

పేటలో పాత కట్టుబాటు ఒకటి ఉన్నది. ఒకే గోత్రపు దాయాదులు తగువు పడితే బయటివాడు పక్షం పట్టరాదు. పట్టినవాడు ఆ తగువు తీరేవరకు రెండిళ్లవారికీ గంజి పోయాలి. ఈ జరిమానాను పేటలో తప్పు అంటారు. ఉమాశంకర్ తండ్రి ఈ తప్పు కింద ఒకసారి పదకొండు రోజులు రెండిళ్లకూ గంజి మోసినాడు.

ఆదివారం మధ్యాహ్నం వలల పాకలో పెద్దలు కూర్చున్నారు. లక్ష్మణమ్మ లేచి నిలబడినది. పేట పెద్ద జోగయ్య వల కుట్టుట ఆపినాడు.

“పెద్దా, దాయాదుల తగువులో పక్కం పట్టినోడికి తప్పేటి?”

“గంజి.”

“మా దాయాదులిద్దరు కొట్టుకుంటన్నారు. ఉమాశంకర్ బావ ఒకడి పక్కం పట్టినాడు. గోపి ఇంకోడి పక్కం.”

“ఎవులే ఆ దాయాదులు?”

ఆమె రెండు దేశాల పేర్లూ చెప్పి, మూడు చీటీలు అతని ముందు పరిచినది. ఎవరూ నవ్వలేదు. జోగయ్య చీటీలు మూడూ చదివించుకుని విన్నాడు. గోత్రం మూడింటిలోనూ ఒకటే.

ఉమాశంకర్ లేచినాడు. “ఒసే లక్ష్మణా, ఆళ్లకి గోత్రాలేటే? ఆళ్లు మనోళ్లేటే?”

“నెల్లాళ్ల బట్టి మనోళ్లు, మనోళ్లు అంటన్నది నువ్వే కద బావా?”

ఉమాశంకర్ తువ్వాలు ఒక భుజం మీద నుండి రెండవ భుజం మీదికి మార్చుకున్నాడు.

“ఆ రెండిళ్లలో జనమెంత?” అని జోగయ్య అడిగినాడు. చాలా కోట్లని గోపి మెల్లగా చెప్పినాడు.

“గంజి సాలా అవుతాది,” అన్నాడు జోగయ్య. “సగం నువ్వు పొయ్యరా గోపీ, సగం ఉమాశంకరు పోస్తాడు. లేదంటే పక్కం వొదిలేసి, కూకుని తీర్సుకోండని రెండేపులా కబురెట్టండి. మన కట్టు అంతే.”

లేఖలో ఉన్నదీ అంతే. ఉమాశంకర్ సమాజం తరఫున సంతకం చేసి, దాని కింద తేదీ వేసినాడు. గోపి సాక్షి సంతకం చేసినాడు. ఆనాటి భజనలో పాట, మృదంగం ఒకేచోట ముగిసినాయని వినికిడి.

సాయంత్రం ఫోను వచ్చినది.

“అప్పా, నా పేరు రాసినారా?”

“రాసినార్రా. నాలుగో నెంబరు. ఈయేళ సప్పుడు లేదేటి?”

“ఈయేళ సెలవు.”

“నిన్ను నేను పంపకుండా ఉండాల్సిందిరా,” అని లక్ష్మణమ్మ అన్నది.

“అన్నం తిన్నావా అప్పా?” అన్నాడు కొండబాబు.

లేఖ పంపి నేటికి నలభై ఒక్క రోజులు. అది పరిశీలనలో ఉన్నట్లు జవాబు అందినది. ఓడ కదలలేదు.

కావున, ఉభయ దేశాధిపతుల సముఖమునకు, వారి గోత్రపు ఆడపడుచు గనగళ్ల లక్ష్మణమ్మ తరఫున సవినయంగా విన్నవించుట ఏమనగా, తామిరువురూ ఒకచోట కూర్చుని తగువు తీర్చుకోవలసినది. ఆడపడుచుకు చీర పెట్టే ఆనవాయితీ తమ వైపు ఉన్నదో లేదో ఇక్కడివారికి తెలియదు. చీర అక్కరలేదు. రేవు దారి తెరిచి, జాబితాలో నాలుగవ నెంబరు, కొండబాబు అను వంటవానిని ఇంటికి పంపించ ప్రార్థన.