ఆరడుగుల తేడా

ఆఫీసులో అందరూ ఆవిడను గీతమ్మ అంటారు. అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. రోడ్ల శాఖలో ముప్పై నాలుగేళ్లుగా మ్యాపులు గీస్తోందని ఎవరో సరదాకి అన్న మాట అలాగే అతుక్కుపోయింది. జీతం చీటీ మీద అసలు పేరు చూసి కొత్తవాళ్లు "ఈవిడెవరు? ఎప్పుడూ కనపడదే!" అనేవారు.

ఉద్యోగం ముగియడానికి నాలుగు నెలలున్నాయనగా పెద్ద రోడ్డు పని వచ్చి పడింది. ఊరు పెరిగింది. ఖాళీ నేలల్లో ఇళ్ల వరసలు లేచాయి. పొద్దున ఎనిమిదయ్యేసరికి బస్సులు, లారీలు, బడికెళ్లే సైకిళ్లు ఆ నలభై అడుగుల రోడ్డు మీద ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. దాన్ని వంద అడుగులు చెయ్యాలని తేల్చారు. రోడ్డు నడిమి గీత నుంచి అటు యాభై, ఇటు యాభై. కొట్టెయ్యాల్సిన గోడల మీద ఎర్ర రంగు గుర్తులు కూడా పడిపోయాయి.

అభ్యంతరాలు వినే రోజున తూర్పు వరస కొట్లలోంచి ఒక దర్జీ వచ్చాడు. మెడలో టేపు తియ్యడం కూడా మర్చిపోయినట్టున్నాడు.

"నడిమి నుంచి యాభై అన్నారు కదండీ. నేను కొలిచాను. నా గోడ మీద మీరు పెట్టిన గుర్తు యాభై ఆరు దగ్గరుంది. యాభైకైతే మిషను వేసుకునేంత చోటు మిగులుతుంది. యాభై ఆరుకైతే కొట్టే ఉండదు."

కుర్ర ఇంజినీరు నవ్వాడు. "చొక్కాలు కొలిచే టేపుతో రోడ్డు కొలిచారా బాబాయ్?"

"నేను కొలిచేది నడుములే సార్. కానీ అడుగు ఎక్కడైనా అడుగే కదా!"

గదిలో అందరూ నవ్వారు. మూల బల్ల దగ్గర వివరాలు రాసుకుంటున్న గీతమ్మ చేతిలో పెన్ను మాత్రం ఆగిపోయింది. ఆరు అన్న అంకె ఆవిడ గుండెలో ముల్లులా దిగింది.

ఇరవై రెండేళ్ల కిందట, ఒక వానాకాలం సాయంత్రం, ఆ రోడ్డుకి మ్యాపు గీసింది ఆవిడే. కొలతల పుస్తకం తడిసి వచ్చింది. పడమటి వైపు బడి గోడ నుంచి రోడ్డు నడిమికి ఉన్న దూరంలో మొదటి అంకె మూడు. రెండోది అలుక్కుపోయింది. ఒకటో ఏడో తెలియలేదు. కొలిచినవాళ్లను అడగాలి. ఇంట్లో కూతురు జ్వరంతో మూలుగుతోంది, బస్సు వెళ్లిపోయే వేళయింది. ముప్పై ఏడు అని రాసేసింది. పొద్దున్నే అడుగుదామనుకుంది. అడగలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ప్లానూ ఆ షీటు మీదే పుట్టింది.

ఆ వారమంతా ఆవిడ మనసు మనసులో లేదు. పాత బీరువాలన్నీ గాలించింది, ఆ పుస్తకం దొరకలేదు. ఇంట్లో కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది. కుర్చీలో కూర్చుంటుంది, మళ్లీ లేస్తుంది.

"ఏంటే, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు?" అన్నాడు భర్త. ఆయన బస్సు డ్రైవరుగా చేసి మానేసిన మనిషి.

చెప్పింది. "అయితే పద, కొలిచేద్దాం" అన్నాడు.

ఆదివారం తెల్లవారగానే ఇద్దరూ వెళ్లారు. బడి గోడ అదే పాత రాతి గోడ. టేపు ఒక కొస గోడకి ఆనించి ఆవిడ నిలబడింది, రెండో కొస పట్టుకుని ఆయన నడిరోడ్డు మీద చతికిలబడ్డాడు.

"ముప్పై ఏళ్లు ఈ రోడ్డు మీద బండి తోలానే. ఏ ప్యాసింజరూ ఇలా దింపలేదు నన్ను!"

లారీవాడొకడు హారన్ కొట్టి నానా మాటలూ అని పోయాడు. మూడుసార్లు కొలిచారు. మూడుసార్లూ ముప్పై ఒకటే. అంటే మ్యాపులో రోడ్డు నడిమి ఆరడుగులు తూర్పుకి జరిగిపోయింది.

సోమవారం ఇంజినీరు గది తలుపు మూసి చెప్పింది. అతను నెత్తి పట్టుకున్నాడు.

"సంతకాలన్నీ అయిపోయాయి మేడం. ఇంకో మూడు నెలలు కళ్లు మూసుకుంటే హాయిగా ఇంటికెళ్తారు. ఎందుకొచ్చిన గొడవ చెప్పండి?"

"మూసుకుందామనే చూశాను బాబూ. మూతలు పడటం లేదు."

తన తప్పు తానే కాగితం మీద రాసి సంతకం చేసింది. పైనుంచి సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. కొత్తగా కొలిచారు. తూర్పున ఎర్ర గుర్తు ఆరడుగులు వెనక్కి జరిగింది. పదకొండు కొట్లు సగం సగమైనా నిలిచాయి.

కానీ ఆ ఆరడుగులూ పడమరన పడ్డాయి. అంతకుముందు బడి ఆటస్థలం దగ్గరే ఆగిన గీత ఇప్పుడు ఒకటో తరగతి గదిలోకి వచ్చింది. హెడ్మిస్ట్రెస్ రుసరుసలాడుతూ ఆఫీసుకొచ్చింది.

"మా వైపు గీత ఎవరు జరిపారు?"

"నేనేనండీ. ఇరవై రెండేళ్ల కిందట తప్పు రాసిందీ నేనే."

"ఇరవై రెండేళ్లు లేని నిజాయితీ ఇప్పుడే గుర్తొచ్చిందా? నలభై మంది పసివాళ్లను ఎక్కడ కూర్చోబెట్టమంటారు?"

బడి వెనకాల కొత్త గది కట్టాకే పాతది కూల్చాలన్న షరతు ప్లానులో రాయమని గీతమ్మ ఇంజినీరు వెంట పడింది. అతను విసుక్కున్నాడు. ఈవిడ వదల్లేదు. రెండు వారాలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి అతని బల్ల ముందు నిలబడింది. చివరికి రాశాడు. ఆ గది నక్షా ఆవిడే గీసింది. కిటికీలు రోడ్డు వైపు కాకుండా చెట్ల వైపు పెట్టింది.

ఉద్యోగం చివరి రోజున సంజాయిషీ ఫైలు ఇంకా తేలలేదు. వీడ్కోలు సభ వద్దంది. టీ తాగి, డ్రాయరు ఖాళీ చేసి వచ్చేసింది.

గది లేచింది, ఆ తర్వాతే పాత గోడ పడింది. రోడ్డు పూర్తయింది. హెడ్మిస్ట్రెస్ మాత్రం ఎదురుపడితే ఇప్పటికీ తల తిప్పుకునే పోతుంది. గీతమ్మ ఏమీ అనుకోదు. ఆవిణ్ని తొలుస్తున్నది వేరే. ముప్పై నాలుగేళ్లలో గీసినవి వందల షీట్లు. అలుక్కుపోయిన అంకెలు ఇంకెన్ని చోట్ల ఊహించి రాసిందో గుర్తు లేదు. నిద్ర లేవగానే ఏదో ఒక రోడ్డు తలపుకొస్తుంది. ఇంజినీరునడిగి పాత షీట్ల నకళ్లు తెచ్చుకుంది. ఇప్పటికి తొమ్మిది రోడ్లు కొలిచారు ఇద్దరూ. ఎనిమిది సరిగ్గానే ఉన్నాయి. తొమ్మిదో దాని సంగతి ఉత్తరం రాసి ఆఫీసులో ఇచ్చి వచ్చింది.