తక్కువ రంగు

నా బిడ్డ పుణెలో ఒక ల్యాబులో పనిచేస్తుంది. సన్నగా కోసిన కణజాలపు ముక్కల మీద యాంటీబాడీ వేసి, ఏ పదార్థం ఎక్కడుందో చూడటం వాళ్ల పని. ఒక్కో యాంటీబాడీ ఒక్కదాన్నే వెతికి పట్టుకుంటుందట. దానికి మెరిసే రంగు తగిలిస్తే, పట్టుకున్న చోటు మైక్రోస్కోపులో వెలుగుతుందట.

మొన్న రాఖీ పున్నమికి ఇంటికి వచ్చింది కానీ, పండగకు మా వీధిలో ఊరేగే దేవుడి రథం చూడటానికి కూడా గడప దాటలేదు.

“ఏందే, గట్ల కూసున్నవ్?”

“పని చెడగొట్టినమ్మా. ముక్కంత పచ్చగ మెరుస్తున్నది. ఏది ఎక్కడున్నదో తెలుస్తలేదు. సీసాల యాంటీబాడీ ఇంకొక్కసారికి సరిపోయేంతనే ఉన్నది. ఈసారి గూడ గిట్లనే అయితే పని ఇంకొకరికిస్త అన్నరు సార్.”

“రంగు ఎంత ఏసినవ్?”

తల వంచుకుంది. “చెప్పినదానికి రెండింతలు. సేపు గూడ ఎక్కువ ఉంచిన.”

నూలుకు రంగు వేసే కార్ఖానాలో ఇరవై ఏళ్లు చేశాను. రంగు లేతగా వస్తే సేఠ్ నూలు చిలపలు వెనక్కి విసిరేవాడు. రంగు తక్కువ వేయకూడదనీ, నూలు తొందరపడి తీయకూడదనీ చంకలో ఉన్నప్పటి నుంచి తను విన్నది నా నోటి మాటే.

“మరి నూలు లెక్క కాదా అది?”

“నూలు ఏం పట్టుకుంటదమ్మా? ఈ యాంటీబాడీకి పట్టుకునే చెయ్యి ఉంటది. రంగు జాస్తి అయితే ఆ చేతికే అంటుకుంటది. పట్టాల్సిందాన్ని పట్టదు, దొరికిన కాడల్ల అతుక్కుంటది.”

“అంటే వేలువేలుకు ఉంగరాలు పెట్టుకొని బీడీ చుట్టినట్టు.”

“నీ బీడీ సల్లగుండ!” నవ్వింది. “గంతే.”

“మరి తెలిసినంక తక్కువ ఏసుడే గద? భయమెందుకు?”

“అసలే కనవడకపోతే? ఉన్న బొట్టు గూడ పాయె.”

“లేతగ వస్తే రానియ్ బిడ్డా. నేను చెప్పింది నూలుకు. ఇది నీ పని.”

మరునాడు బస్సెక్కించాను. పది రోజులకు ఫోనులో ఒక ఫోటో, కింద తెలుగులో రెండు ముక్కలు వచ్చాయి. యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, కూడబలుక్కుని చదివాను: “చూడు అమ్మా.” నల్లటి దాంట్లో అక్కడక్కడ సన్నటి పచ్చ గీతలు.

వెంటనే ఫోన్ చేశాను. “మస్తు లేతగున్నదేందే?”

“లేతనే. గని ఉండాల్సిన కాడనే ఉన్నది.”

“సార్ ఏమన్నరు?”

“ఇంకో సీసా తెప్పిస్త అన్నరు. నాకే.”

తను ఏడుస్తోందని తెలిసింది. “ఆ సీసాల గూడ తక్కువనే ఏయ్ బిడ్డా” అన్నాను.