వారాల మాస్టారు

విట్లాక్ మాస్టారు బతుకంతా ఎవరో ఒకరి ఇంట్లోనే భోంచేశారు. మా ఓహాయో పల్లెల్లో బడిపంతులికి వారానికో పిల్లాడి ఇంట్లో తిండీ పడకా. పంతుళ్లందరూ పెళ్లవగానే ఆ వారాలు మానేసేవారు. ఈయన పెళ్లి మానేసి వారాలు ఉంచుకున్నారు.

యుద్ధమొచ్చి మా దళానికి కెప్టెనయ్యారు. అధికారుల డేరాలో కోడి వేగుతుంటే, రేకు పళ్లెం పట్టుకుని మా సిపాయిల దగ్గరికొచ్చేవారు.

"ఇవాళ ఎవరి వంతురా?"

"మాదేనండీ. బిస్కెట్లకి పురుగు పట్టింది."

"రెండు పెట్టు."

"బిస్కెట్లా, పురుగులాండీ?"

"విడదీయగలిగితే బిస్కెట్లు." నమిలి, నా వైపు తిరిగేవారు. "సైలస్, మీ అమ్మ వంటే నయంరా. అదీ బాగుండేది కాదనుకో."

తర్వాత శాసనసభకెళ్లారు. రాజధానిలోనూ వారాలే. ఆయన బూట్ల చప్పుడు వింటే తోటి సభ్యుల భార్యలు గుడ్లు దాచేసేవారట.

రెండోసారి నిలబడ్డప్పుడు, ఎన్నిక మూడు రోజులుందనగా, పార్టీ పెద్దలు పట్నంలో టర్కీ కోడి విందు పెట్టారు. బండి తోలుతున్నది నేను.

"ఇవాళ ఆర్ఫా టటిల్ ఇంటి వంతు. అటు తిప్పు."

ఆర్ఫా మొగుడు మా దళంలోనే పోయాడు. ఆ ఇంట్లో తిండికి లేదని, ఆమెను బీదల ఆశ్రమానికీ, ముగ్గురు పిల్లల్ని తలో రైతు దగ్గరికీ పంపడానికి క్రేన్ అనే ఊరి పెద్ద ఆ మధ్యాహ్నమే కాగితంతో వస్తున్నాడు.

"మాస్టారూ, అక్కడ టర్కీ అండీ. ఓట్లండీ."

"వంతు వంతేరా."

క్రేన్ వచ్చేసరికి మాస్టారు బల్ల ముందు కూర్చుని మూతి తుడుచుకుంటున్నారు.

"రండి క్రేన్ గారూ, కాపాడండి. ఈవిడ మూడోసారి వడ్డిస్తానంటోంది."

"ఈ ఇంట్లో తిండే లేదని రాసుకొచ్చాను, కెప్టెన్ గారూ."

"తిండి లేని ఇంట్లో నేను కూర్చోవడం ఈ జిల్లాలో ఎవరైనా చూశారా?"

క్రేన్ చాలాసేపు ఆలోచించాడు. ఎవరూ చూడలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, టోపీ తీసి ఆర్ఫాకి తల వంచి వెళ్లిపోయాడు.

నేను కూర్చున్న వైపు నుంచి మాస్టారి పళ్లెం కనిపిస్తూనే ఉంది. దానికి తడి కూడా అంటలేదు. ఉన్న మొక్కజొన్న జావంతా పిల్లల గిన్నెల్లో ఉంది.

"మా ఇంటి వంతు మళ్లీ ఎప్పుడు మాస్టారూ?" అంది ఆర్ఫా.

"వచ్చే వారం. ఆ పై వారం కూడా. నీ చేతివంట నాకు పడిందమ్మా."

గుర్రం అలిసిపోతోందని చెప్పి, బండిలో ఉన్న పిండి బస్తా అక్కడే దింపించారు.

మైలు దూరం వచ్చామో లేదో, ఆయన పొట్ట కుయ్యోమంది. నేను ఆయన వైపు చూశాను. ఆయన పొలాల వైపు చూశారు.

"ఇరుసుకి కందెన పెట్టించరా సైలస్," అన్నారు.